సర్పగంధను పరీక్షకు పెట్టిన డాక్టరు – రామ్‌నాథ్ చోప్రా జీవితం

 

మన కోరాపుట్, రాయగడ కొండల్లో పెరిగే మందుమొక్కల్లో సర్పగంధ ఒకటి. పాతాళగంధి అని కూడా అంటారు. ఎత్తు పెద్దగా పెరగని చిన్న మొక్క. కణుపు దగ్గర మూడేసి ఆకులు, ఎర్రటి కాడల మీద తెల్లటి పువ్వులు, పండితే నల్లబడే చిన్న కాయలు ఉంటాయి. దీని వేరు చాలా చేదు. పాము కాటుకి, జ్వరానికి, నిద్ర పట్టనివాళ్ళకి, మతి చెదిరినవాళ్ళకి ఈ వేరుని మన దేశంలో ఎన్నో తరాల నుంచి వాడుతున్నారు. బీహారు వైపు దీనికి పాగల్ కీ దవా, అంటే పిచ్చికి మందు, అనే పేరే ఉండేది. ఏడ్చే పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి కూడా అక్కడ కొందరు వాడేవారు.

ఈ వేరు నిజంగా పనిచేస్తుందా? చేస్తే ఏ జబ్బుకి? ఎంత మోతాదులో? మేలుతోపాటు కీడు ఎంత? ఈ ప్రశ్నలు వేసి, జవాబు కోసం నమ్మకం మీద కాకుండా పరీక్ష మీద ఆధారపడిన మొదటితరం భారతీయ వైద్యుల్లో ముఖ్యుడు సర్ రామ్‌నాథ్ చోప్రా. మన దేశంలో ఔషధశాస్త్రానికి పితామహుడు అని ఆయన్ని చెప్పుకుంటారు. ఈసారి మన జీవితచరిత్రల శీర్షికలో ఆయన గురించి తెలుసుకుందాం.

చదువు

రామ్‌నాథ్ చోప్రా 1882 ఆగస్టు 17న గుజ్రన్‌వాలాలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. లాహోరులో చదువుకుని, 1903లో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఆయనకి వాల్టర్ డిక్సన్ అనే గురువు దొరికారు. మందు ఒంట్లోకి వెళ్ళాక గుండె మీద, నరాల మీద, ఊపిరి మీద ఏం చేస్తుందో కొలిచి చూపించే శాస్త్రం అప్పుడప్పుడే ఒక రూపానికి వస్తోంది. దాన్నే ఫార్మకాలజీ అంటాం. ఆ రోజుల్లో డాక్టరు చదువుకి వెళ్ళిన చాలామంది భారతీయులు రోగుల్ని చూసే విద్య నేర్చుకుని తిరిగొచ్చేవారు. చోప్రా మాత్రం దానితోపాటు మందుని పరీక్షించే విద్య కూడా నేర్చుకున్నారు.

1908లో ఆయన ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. అది ప్రధానంగా సైన్యానికి వైద్యం చేసే ఉద్యోగం. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో పనిచేశారు. ఇలా పదేళ్ళకి పైగా సైనిక వైద్యుడిగా గడిచిపోయాయి. డిక్సన్ దగ్గర నేర్చుకున్న విద్యకి పని దొరికింది 1921లో. కలకత్తాలో కొత్తగా మొదలైన ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో ఆయన్ని ఫార్మకాలజీ ప్రొఫెసరుగా వేశారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై తొమ్మిది.

మూడు లక్ష్యాలు

కలకత్తాలో చోప్రా పెట్టుకున్న లక్ష్యాలు మూడు. ఒకటి, మందుల కోసం మన దేశం బయటి దేశాల మీద ఆధారపడకూడదు. రెండు, ఆయుర్వేదం, యునానీ, పల్లె వైద్యం వాడే మొక్కల్ని ఒక్కొక్కటిగా పరీక్షించి పనిచేసేవాటిని తేల్చాలి. మూడు, అలా తేలిన మందు బీదవాడు కొనగలిగే ధరలో ఉండాలి.

ఆ రోజుల్లో మన మొక్కల గురించి రెండు రకాల మాటలు వినిపించేవి. అన్నీ మన పెద్దలకి ముందే తెలుసు, పరీక్షలు దేనికి అనేవాళ్ళు కొందరు. ఇదంతా మూఢనమ్మకం, చూడక్కర్లేదు అనేవాళ్ళు కొందరు. చోప్రా ఈ ఇద్దరి దారిలోనూ వెళ్ళలేదు. జనం చాలాకాలంగా వాడుతున్నారంటే అందులో ఏదో ఉండొచ్చు, కాబట్టి చూడాలి. చూసినప్పుడు ఏమీ లేదని తేలితే ఆ మాట కూడా రాయాలి. ఆయన పద్ధతి ఇది. వందలాది మొక్కల సమాచారంతో ఆయన రాసిన భారతదేశపు దేశీయ ఔషధాల పుస్తకం 1933లో వచ్చింది. పనిచేసే మొక్కలతోపాటు, పేరు గొప్పగా ఉన్నా పరీక్షలో నిలవని మొక్కల సంగతి కూడా అందులో ఉంది.

సర్పగంధ కథ

సర్పగంధ మీద 1930ల మొదట్లో మన దేశంలో మూడు చోట్ల పని జరిగింది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఈ వేరు రక్తపోటుని తగ్గిస్తుందని, మతి చెదిరినవాళ్ళని శాంతపరుస్తుందని రాశారు. అదే ఏడాది ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఈ వేరు నుంచి కొన్ని ఆల్కలాయిడ్లని విడదీశారు. ఆల్కలాయిడ్ అంటే మొక్కల్లో ఉండే, ఒంటి మీద గట్టిగా పనిచేసే ఒక రకం రసాయనం. కాఫీలోని కెఫీన్, సింకోనా బెరడులోని క్వినైన్ అలాంటివే. తాను విడదీసిన ఒకదానికి ఆయన హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అని పేరు పెట్టారు. 1933లో చోప్రా, ఆయన సహచరులు ఈ వేరులోని ఆల్కలాయిడ్ ప్రయోగ జంతువుల్లో ఏం చేస్తుందో పరీక్షించి ప్రచురించారు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. వేరు మొత్తంగా వాడితే మనిషి శాంతపడుతున్నాడు, నిద్రపోతున్నాడు. కానీ స్ఫటికాలుగా దొరికిన ఆల్కలాయిడ్లలో ఆ గుణం సరిగ్గా కనబడటం లేదు. మరి నిద్ర తెప్పించేది ఏది? చోప్రా బృందం 1940ల మొదట్లో వేర్వేరు ఆల్కలాయిడ్లని పక్కపక్కన పెట్టి, జంతువుల్లో వాటి పని ఎలా తేడాగా ఉందో పోల్చి చూసింది. ఆ తరవాత ఆయన కలకత్తా సహచరులు, అంతవరకూ ఎవరూ పెద్దగా పట్టించుకోని జిగురులాంటి భాగం మీద దృష్టి పెట్టారు. మత్తు గుణం దాంట్లోనే ఉందని తేల్చారు.

ఆ మాట వృథా పోలేదు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ జిగురు భాగాన్నే శోధించి రిసర్పిన్ అనే పదార్థాన్ని బయటికి తీశారు. అంతకు మూడేళ్ళ ముందు, 1949లో, బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ రక్తపోటుకి పనిచేస్తుందని ఇంగ్లండు వైద్యపత్రికలో రాసి ప్రపంచం చూపు ఇటు తిప్పారు. 1950లలో రిసర్పిన్ రక్తపోటుకి, మానసిక వ్యాధులకి ప్రపంచమంతా వాడిన మందు. మన అడవి మొక్క అంత దూరం వెళ్ళింది.

మత్తు వేరు, మూర్ఛ మందు వేరు

ఇప్పుడు తల్లిదండ్రులు కాస్త శ్రద్ధగా చదవాల్సిన భాగం.

మనిషిని శాంతపరిచి నిద్ర తెప్పించే మందు ఫిట్స్‌ని కూడా ఆపుతుందని అనుకోవడం సహజం. ఫిట్స్ అంటే ఒళ్ళంతా కొట్టుకోవడం కదా, శాంతపరిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చాలాకాలం డాక్టర్లు కూడా దాదాపు అలాగే అనుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో మూర్ఛకి వాడిన బ్రోమైడు మత్తు కలిగించే మందే. 1912లో జర్మనీ డాక్టరు ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్, నిద్రమందుగా వచ్చిన ఫినోబార్బిటాల్ ఇచ్చినప్పుడు రోగులకి ఫిట్స్ తగ్గడం గమనించారు. అది మంచి మందు, ఇప్పటికీ వాడుతున్నారు. కానీ మగత వస్తుంది. బడికి వెళ్ళే పిల్లవాడికి మగత ఎంత కష్టమో మనకు తెలుసు.

1930లలో అమెరికాలోని బోస్టన్‌లో ట్రేసీ పట్నం, హ్యూస్టన్ మెరిట్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక ప్రశ్న వేసుకున్నారు. మగత తక్కువగా ఉండి ఫిట్స్‌ని ఆపే మందు ఉండదా? వాళ్ళు పిల్లులకి కొలిచిన విద్యుత్తుతో ఫిట్స్ తెప్పించి, ఒక్కొక్క పదార్థం ఇచ్చాక ఎంత విద్యుత్తు తట్టుకుంటున్నాయో చూశారు. అలా దొరికింది ఫెనిటోయిన్. 1938లో ఆ ఫలితాలు బయటికి వచ్చాయి. నిద్రమందుగా పనికిరాదని పక్కన పెట్టిన రకం పదార్థం ఫిట్స్‌కి గొప్ప మందు అయింది.

దీనికి సరిగ్గా ఎదురు కథ మన సర్పగంధది. రిసర్పిన్ జంతువుని కదలకుండా శాంతపరుస్తుంది. కానీ 1954లో అమెరికాలో చెన్, ఆయన సహచరులు ప్రయోగ జంతువుల మీద చూస్తే, రిసర్పిన్ ఫిట్స్‌ని ఆపకపోగా అవి తేలిగ్గా వచ్చేలా చేస్తోందని తేలింది. పైకి చూస్తే ప్రశాంతం, లోపల మాత్రం ఫిట్స్ ముప్పు ఎక్కువ. కళ్ళతో చూసి చెప్పగలిగే సంగతి కాదిది. పక్కపక్కన పెట్టి పోల్చితేనే తెలుస్తుంది.

పిల్లలూ, మీకు అర్థమయ్యేలా చెప్పుకుందాం. క్లాసులో ఇద్దరు అల్లరి చేస్తున్నారనుకోండి. క్లాసు మొత్తాన్ని పడుకోబెట్టేయడం మత్తుమందు పని. మిగతావాళ్ళ చదువు చెడకుండా ఆ ఇద్దరినీ కూర్చోబెట్టడం మంచి ఫిట్స్ మందు పని. రిసర్పిన్ చేసింది ఇంకోటి. అల్లరిని ఆపే టీచర్లని కూడా బయటికి పంపేసింది.

ఈ పోలిక చివరి మాట కథ కోసం చెప్పింది కాదు. మెదడులో ఒక నరకణం నుంచి ఇంకో నరకణానికి కబురు మోసే రసాయనాలు ఉంటాయి. రిసర్పిన్ వాటిలో కొన్నిటి నిల్వల్ని ఖాళీ చేసేస్తుంది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చి కదలిక లేకుండా పడి ఉన్న కుందేళ్ళకి ఎల్-డోపా అనే పదార్థం ఇచ్చారు. కాసేపట్లో అవి లేచి కదిలాయి. పార్కిన్సన్ వ్యాధికి ఇప్పుడు వాడే వైద్యానికి అది దారి చూపింది. కార్ల్‌సన్‌కి 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన కొండల్లో కూడా పెరిగే ఒక మొక్క నుంచి తీసిన మందు ఆ దారిలో ఒక మెట్టు.

పోలిక ఎలా చేస్తారు?

సైన్సు క్లాసులో చెప్పుకోవడానికి పద్ధతిని క్లుప్తంగా రాస్తున్నాం. చిట్టెలుకల్ని గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకి మందు లేని ద్రావణం ఇస్తారు. ఆ గుంపు లేకపోతే మిగతా ఫలితాలకి అర్థం ఉండదు. తరవాత రెండు ప్రశ్నలు విడివిడిగా వేస్తారు.

మొదటిది మగత గురించి. నెమ్మదిగా తిరిగే కడ్డీ మీద ఎలుకని నిలబెడతారు. మామూలు ఎలుక దాని మీద నడుస్తూ ఉంటుంది. మగతగా ఉన్నది జారి పడిపోతుంది. రెండోది ఫిట్స్ గురించి. కొలిచిన విద్యుత్తుతో గానీ, ఫిట్స్ తెప్పించే రసాయనంతో గానీ పరీక్షిస్తారు. మందు తీసుకున్న వాటిలో ఎన్నింటికి ఫిట్స్ రాలేదో లెక్కపెడతారు.

సగం ఎలుకలకి ఫిట్స్ రాకుండా ఆపే మోతాదు ఒక అంకె. సగం ఎలుకలు కడ్డీ మీంచి పడిపోయే మోతాదు ఇంకో అంకె. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తారు. ఉదాహరణకి మొదటిది 10, రెండోది 70 అనుకుందాం. జవాబు 7. అంటే ఫిట్స్ ఆపే మోతాదుకి ఏడు రెట్లు ఇస్తే గానీ తూలడం మొదలవదు. జవాబు 1 వస్తే ఫిట్స్ ఆపే మోతాదుకే మనిషి తూలిపోతాడు. ఈ అంకె ఎంత పెద్దదైతే మందు అంత భద్రం. ఏడో తరగతి భాగాహారం ఒక పిల్లవాడి బడి చదువుని కాపాడగలదన్నమాట.

జంతువులకి బాధ కదా అని కొందరు పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మన దేశంలో 1960లో జంతువుల పట్ల క్రూరత్వాన్ని ఆపే చట్టం వచ్చింది. దాని వెనక రాజ్యసభలో పట్టుబట్టి పనిచేసినవారు నృత్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. ప్రయోగశాలల మీద అజమాయిషీకి ఆ చట్టం కింద కమిటీ కూడా ఏర్పడింది. వీలైనంత తక్కువ జంతువులతో, వీలైనంత తక్కువ బాధతో, వేరే దారి ఉంటే అసలు జంతువులే లేకుండా పరీక్షించాలన్నది ఇప్పటి నియమం.

క్వినైన్ పొట్లాలో ఏముంది?

చోప్రా చేసిన మరో పని మన ప్రాంతానికి మరీ దగ్గరది. ఆ రోజుల్లో కోరాపుట్, రాయగడ, జయపురం, గుణుపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాకే ఇటు వచ్చాయి. మన్యం జ్వరం అంటే మలేరియా. దానికి మందు క్వినైన్. దేశమంతా క్వినైన్‌లో కల్తీ ఉందని, మందు లేని మందు అమ్ముతున్నారని ఫిర్యాదులు ఎక్కువయ్యాయి. జ్వరంతో ఉన్న మనిషి డబ్బులిచ్చి కొన్న మాత్రలో క్వినైన్ లేకపోతే అది మోసం మాత్రమే కాదు, ప్రాణం తీయడం.

1930లో ప్రభుత్వం మందుల పరిస్థితిని విచారించడానికి ఒక కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు చోప్రా. కమిటీ దేశమంతా తిరిగి, 1931లో నివేదిక ఇచ్చింది. మందుల నాణ్యతకి దేశమంతటికీ ఒకే చట్టం, పరీక్షకి ప్రయోగశాలలు, మందులు కలిపి ఇచ్చే ఫార్మసిస్టులకి సరైన చదువు ఉండాలని చెప్పింది. ఆ సిఫార్సుల మీద చట్టం రావడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. 1940లో డ్రగ్స్ యాక్టు వచ్చింది. ఇవాళ మనం మందుల షాపులో కొనే ప్రతి స్ట్రిప్పు మీద తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచి నంబరు, లైసెన్సు నంబరు ఉంటున్నాయంటే దానికి మూలం ఆ చట్టమే.

చివరి రోజులు

1941లో చోప్రాకి సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది కలకత్తా ఉద్యోగం నుంచి విరమించారు. కానీ విశ్రాంతి తీసుకోలేదు. జమ్మూ కాశ్మీర్ వెళ్ళి అక్కడి ఔషధ పరిశోధనశాలని నడిపించారు. అదే తరవాత జమ్మూలోని జాతీయ పరిశోధన సంస్థగా ఎదిగింది. 1946లో దేశీయ వైద్య విధానాల మీద ప్రభుత్వం వేసిన కమిటీకి కూడా ఆయనే అధ్యక్షుడు. 1948లో ఇచ్చిన ఆ నివేదిక ఆయుర్వేదం, యునానీ, ఆధునిక వైద్యం ఒకదానితో ఒకటి కలిసి సాగాలని కోరింది. 1956లో సహచరులతో కలిసి భారతీయ ఔషధ మొక్కల పదకోశం తెచ్చారు. ఒకే మొక్కకి ప్రాంతానికో పేరు ఉండే దేశంలో అది ఎంత అవసరమైన పనో రెండు భాషల మధ్య పెరిగే మన పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. 1973 జూన్ 13న, తొంభై ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

ఆయన ఏ మొక్కనీ దేవుణ్ణి చెయ్యలేదు, ఏ పల్లె వైద్యుణ్ణీ వెక్కిరించలేదు. రెండూ తేలికైన పనులు. ఆయన కష్టమైన పని ఎంచుకున్నారు.

మన ఇళ్ళకి ఈ కథతో పనేమిటి?

సంతలో దొరికే వేరు ముక్కని నిద్రకో, ఫిట్స్‌కో పిల్లలకి ఇవ్వకండి. ఆ ముక్కలో మందు ఎంతుందో ఎవరూ చెప్పలేరు. పైన చెప్పినట్టు, శాంతపరిచేది ఫిట్స్‌ని పెంచే ప్రమాదం కూడా ఉంది. రిసర్పిన్ ఎక్కువైతే రక్తపోటు బాగా పడిపోతుంది, మనసు దిగులుగా మారుతుంది. అందుకే ఇప్పుడు డాక్టర్లు దాన్ని చాలా అరుదుగా వాడుతున్నారు. వేరు కోసం మొక్కని పెరికితే మొక్కే పోతుంది. అలా తవ్వి తవ్వి సర్పగంధ అడవుల్లో తగ్గిపోయింది. విదేశీ వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం కింద ఆంక్షలు కూడా ఉన్నాయి.

ఫిట్స్ ఉన్న పిల్లలు మన బడుల్లో ఉంటారు. అది అంటువ్యాధి కాదు, దెయ్యం కాదు, శాపం కాదు. మందులతో చాలామందికి అదుపులో ఉంటుంది. ఎవరికైనా ఫిట్స్ వస్తే ఇలా చెయ్యండి:

– పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టండి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసెయ్యండి.
– నోట్లో చెంచా, వేలు, నీళ్ళు ఏవీ పెట్టొద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించడం వల్ల ఉపయోగం లేదు.
– గట్టిగా అదిమి పట్టుకోవద్దు. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, వెంటవెంటనే మళ్ళీ వచ్చినా, మొదటిసారి వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.
– డాక్టరు రాసిన మాత్రలు తగ్గిందని మీకు మీరే ఆపెయ్యొద్దు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మరింత గట్టిగా రావచ్చు.
– మాత్రలు వేసుకున్నాక పిల్లలు క్లాసులో మగతగా ఉంటే, ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి. మందు గానీ, మోతాదు గానీ మార్చే వీలుంటుంది. క్లాసు టీచరుకి కూడా చెప్పి ఉంచండి.

మన ప్రాంతంలో దిశారిని నమ్మే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆయన్ని సలహా అడగడం మానెయ్యమని ఎవరూ అనడం లేదు. కానీ ఫిట్స్ వచ్చిన పిల్లని ముందు ఆసుపత్రిలో చూపించండి.

విద్యార్థులకి పని: ఈ వారం ఇంట్లో ఉన్న ఏదైనా మందు స్ట్రిప్పు పెద్దల దగ్గర అడిగి తీసుకుని, దాని మీద మందు అసలు పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఎక్కడున్నాయో నోటుబుక్కులో రాయండి. గడువు దాటి ఉంటే అమ్మానాన్నలకి చెప్పండి. 8 నుంచి 10 తరగతుల వాళ్ళు, సర్పగంధకి మీ ఇంట్లో, మీ ఊళ్ళో తెలుగులో, ఒడియాలో, కువిలో ఏ పేర్లున్నాయో అడిగి రాసుకురండి. మొక్కని పెరక్కుండా, పేరు మాత్రమే తీసుకురండి.